రోగముల పేళ్లు, జంతువుల పేళ్లు – అవి యెట్లు పుట్టినవి?

నేను వ్యవసాయ ప్రదర్శకుడుగా పనిలో చేరిన తొలి సంవత్సరములలో జరిగిన సంగతి యిది. నాగావళి యొడ్డున నున్న యొక గ్రామమునుండి ఒక పెద్దరైతు సాయంకాలమున నాకు ఫోను చేసెను. ఆయన తన కోడెదూడను అప్పుడప్పుడే కాడికి మరపుచుండెను. "బాబూ, కోడెకి జబ్బవాపు నాగుంది. కుంటతంది, మేత ముట్టనేదు. ఏటి సెయ్యమంటారు?" అని యడిగెను. కొత్తగా కాడి మోయు పశువునకు జబ్బ వాచుట వింత గాదని తలచి, "రాపిడివలన వచ్చిన వాపై యుండును. రెండు దినములు పని మానిపించి వేడినీళ్ల కాపు పెట్టండి" అని చెప్పి యూరకుంటిని. తెల్లవారుసరికి కోడె చచ్చెను.

పశువైద్యుడు వచ్చి చూచి, "నిన్న వాపును చేతితో నొక్కితిరా? లోపల చిటచిటమని చప్పుడయినదా?" అని యడుగగా రైతు అయినదనెను. అంతట ఆ వైద్యుడు నా వంక చూచెను. రైతు నన్ను నిందింపలేదు గాని, "మా నాయన కాలంనించి ఆ రోగాన్ని జబ్బవాపే అంటాం బాబూ. నాను అదే సెప్పినాను" అనెను. ఆయన నాకు రోగము పేరు చెప్పెను. నేను దానిని రోగము పేరుగా గాక వాపును గూర్చిన వర్ణనగా వింటిని. తప్పు నాదే.

ఆనాటినుండి నే నొక చిన్న పుస్తకమును జేబులో నుంచుకొని, రైతులు రోగములకును, పురుగులకును, పాములకును పెట్టిన పేళ్లను వ్రాసికొనుట అలవాటు చేసికొంటిని. నేను చదువుకొన్న మిషను పాఠశాలలో మా ఇంగ్లీషు పంతులుగారు ప్రతి కొత్తమాటను రెండు మూడు ముక్కలుగా విరిచి, ఇది గ్రీకు, ఇది లాటిను అని నల్లబల్లపై వ్రాసి చూపెడివారు. అప్పుడు మాకది విసుగు పుట్టించినది. ఇప్పుడు మాత్రము మందుచీటీలమీది పేళ్లను విప్పుటకు ఆ అలవాటే నాకు అక్కరకు వచ్చుచున్నది. ఈ మాసపు పత్రికలో అట్టి కొన్ని పేళ్లను సభ్యులతో ముచ్చటింపదలచితిని.

మొదట జబ్బవాపునే చూతము. జబ్బ యనగా భుజముపైభాగము. ఈ రోగము తొడకును రావచ్చును గాని మనవారు ముందుగా చూచినది జబ్బమీది వాపును. ఇంగ్లీషువారు చచ్చిన పశువును కోసి చూచి, ఆ భాగపు కండ నల్లబారి యుండుటచే 'బ్లాక్ క్వార్టరు', అనగా నల్లని పాదుభాగము అనిరి. శాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శినిలో ఆ రోగమును కలిగించు క్రిమిని చూచి 'క్లాస్ట్రీడియం' అనిరి. గ్రీకు భాషలో ఆ మాటకు చిన్న కదురు అని యర్థము. పొందూరు స్త్రీలు వడకు కదురు నడుమ ఉబ్బి చివరల సన్నగిల్లియుండును గదా! విత్తనమువంటి గట్టి బీజము లోపల పుట్టినప్పుడు ఆ క్రిమియు అట్లే కనబడును. ఆ పేరునకు తోకగా నున్న 'షోవియై' అనునది షోవో అను ఫ్రెంచి పశువైద్య పండితుని జ్ఞాపకార్థము చేర్చబడినది. మనవాడు బ్రదికియున్న పశువును, ఇంగ్లీషువాడు చచ్చిన పశువును, శాస్త్రజ్ఞుడు గాజుపలకమీది క్రిమిని చూచి పేరు పెట్టిరి. రోగ మొక్కటే. అది మేతబలిసిన పడుచు పశువులనే, ఆరు నెలలనుండి రెండు మూడేండ్ల లోపువానినే, ఎక్కువగా పట్టును. ఒకటి రెండు దినములలో చంపును. కదురువంటి ఆ బీజము మట్టిలో ఏండ్లతరబడి చావక యుండును గనుక, ఒకసారి వచ్చిన ఊర ప్రతి సంవత్సరమును తొలకరికి ముందే టీకా వేయింపవలెను.

గాలికుంటు అను పేరును తలచినప్పుడెల్ల మన పూర్వులయెడ నాకు గౌరవము కలుగును. ఇంగ్లీషు పేరునకు కాలు, నోరు అని మాత్రమే యర్థము. మన పేరులో కుంటుట యున్నది, అది గాలివలె వచ్చుననియు నున్నది. ఈ రోగపు విషము తేమగాలిలో కొంతదూరము కొట్టుకొనిపోయి ఇతర పశువులకు అంటునని తరువాతి శాస్త్రజ్ఞులు నిజముగనే కనిపెట్టిరి. 1897–98లో లోఫ్లరు, ఫ్రోష్ అను ఇద్దరు జర్మను పండితులు ఈ వ్యాధిగల పశువుల బొబ్బలలోని రసమును మిక్కిలి సన్నని జల్లెడలలో వడపోసిరి. మామూలు క్రిములు వడపోతలో నిలిచిపోవును. అయినను వడకట్టిన రసము కొత్త పశువులకు రోగమును కలిగించెను. జంతువులకు వ్యాధి కలిగించు వైరసు ఉన్నదని లోకమునకు తెలిసినది గాలికుంటువలననే. వైరసు అనునది లాటిను మాట, విషమని దాని యర్థము. వైరసుపై నేరుగా పనిచేయు సూదిమందు మన పశువులకు లేదు. పుండ్లను కడిగి మెత్తని మేత పెట్టవలెను, రోగము రాకుండ ముందే టీకా వేయింపవలెను. 2019లో కేంద్ర ప్రభుత్వము మొదలుపెట్టిన జాతీయ కార్యక్రమమున వేయు టీకా దీనికే. ఆవు పాలు తగ్గునని భయపడి టీకా వేయువారు వచ్చిన దినమున పశువులను తోటలోనికి తోలు రైతులను నేనెరుగుదును. పాలు తగ్గిన దొకటి రెండు పూటలే తగ్గును. గాలికుంటు వచ్చినచో ఆ ఈతపాలన్నియు పోవును.

టీకా యను మాటకు మూలము హిందూస్థానీ. నుదుటి బొట్టునకే ఆ పేరు. చర్మముపై చేసిన చిన్న గాయము బొట్టువలె మచ్చపడుటచే ఆ పేరు వచ్చినది. ఇంగ్లీషు మాట 'వ్యాక్సిన్' ఆవునుండి పుట్టినది. లాటినులో 'వాక్కా' యనగా ఆవు. 1796లో జెన్నరు అను ఇంగ్లీషు వైద్యుడు పాలు పితుకు స్త్రీ చేతిమీది ఆవుమశూచి పొక్కునుండి రసము తీసి ఒక బాలునికి అంటించి, వానికి మనుష్యుల మశూచి సోకదని చూపెను. తరువాత పాశ్చరు పండితుడు, ఆయన గౌరవార్థము, అన్ని రోగములకు వేయు ఇట్టి మందులకును ఆ పేరే యుండవలెనని 1881లో ప్రతిపాదించెను. కావున కోడికి వేసినను కుక్కకు వేసినను ఆ మందు పేరులో ఆవు దాగియుండును.

ఇక పెద్దరోగము. దీనినే ముసర యనియు ననిరి. జర్మను భాషలో పశువుల మహామారి యను అర్థముగల 'రిండర్‌పెస్టు' దీని పేరు. నా తాతగారి తరమువారు ఈ పేరు వినగానే చేతులు జోడించి గ్రామదేవతను తలచుకొనెడివారు. ఒక్కొక్కప్పుడు ఊరి పశువులలో సగము పోయి, దుక్కికి జత లేక పొలములు బీడుపడెడివి. దీనిని పరిశోధించుటకు ప్రభుత్వమువారు 1889లో పూనాలో స్థాపించిన ప్రయోగశాల, తరువాత హిమాలయ ప్రాంతమున ముక్తేశ్వరమునకు మార్పబడెను. అక్కడనే ఎడ్వర్డ్సు అను నతడు 1920–30 నడుమ మేకలలో పెంచి బలహీనపరచిన విషముతో టీకా సిద్ధపరచెను. భారతదేశము ఈ రోగమునుండి విముక్తమైనదని 2006లోను, ప్రపంచమంతయు విముక్తమైనదని 2011లోను ప్రకటింపబడెను. మశూచి తరువాత భూమిమీదనుండి పూర్తిగా తుడిచివేయబడిన రోగ మిదియే. ఇప్పటి పడుచువారు పెద్దరోగమనిన ఏదో పెద్దదైన రోగమని యనుకొందురు. ఆ మాట మరుపునకు వచ్చుట మంచిదే.

ఆ ఎడ్వర్డ్సుగారి కాలముననే కుమావు కొండలలోని రాణిఖేతు ఊర కోళ్లు గుంపులుగా చచ్చుట చూచి, ఆ వ్యాధిని ఆ ఊరి పేరుతో పిలిచిరి. ఇంగ్లండులో అంతకు కొంచెము ముందే న్యూకాసిలు పట్టణమున కనబడుటచే అక్కడ దానికి ఆ పేరు. మనము కొక్కెర యందుము. ఊరి పేరును రోగమునకు పెట్టుట ఆ ఊరివారికి న్యాయము కాదని నా యభిప్రాయము. రాణిఖేతువారు కోళ్లకు చేసిన యపకార మేమియు లేదు.

దొమ్మను గూర్చి మాత్రము కొంచెము గట్టిగా చెప్పవలసియున్నది. ఇంగ్లీషున 'ఆంత్రాక్సు' అందురు. గ్రీకులో ఆ మాటకు బొగ్గు అని యర్థము. ఈ రోగము మనుష్యులకు అంటినప్పుడు చర్మముపై బొగ్గువంటి నల్లని పక్కు కట్టును. ఆ పేరులోనే, ఇది పశువులతో ఆగెడిది కాదను హెచ్చరిక యున్నది. విశాఖ మన్యమున చచ్చిన పశువుల మాంసము కోసినవారికి ఈ పుండ్లు పుట్టిన సందర్భములు కలవు. ఉన్నట్టుండి పశువు పడిచచ్చి, ముక్కునుండి గాని గుదమునుండి గాని గడ్డకట్టని నల్లని నెత్తురు కారినచో దానిని కోయరాదు, తోలు తీయరాదు, ఈడ్వరాదు. వైద్యునికి కబురుచేసి, పడినచోటనే లోతుగా గోయి త్రవ్వి, సున్నము చల్లి పాతిపెట్టవలెను. శవమును కోసిన గాలి తగిలి ఆ క్రిమి గట్టి బీజములుగా మారి ఆ నేలను దశాబ్దములు విడువదు.

ఈ బొగ్గు మాటవలన నాకొక చిక్కు వచ్చినది. విజయనగరము ప్రాంతపు మామిడి రైతొకడు తన తోటకు 'ఆంత్రాక్నోసు' వచ్చినదని చీటీపై వ్రాసినది చదివించుకొని, ఆ తోటలో మేసిన గేదెలకు దొమ్మ వచ్చునా యని భయపడి పరుగెత్తుకొని వచ్చెను. మొదటి సగము ఒక్కటే మాట గనుక అతని భయము మూర్ఖత కాదు. 'నోసు' అనగా రోగము. ఆకుమీదను కాయమీదను బొగ్గువలె నల్లమచ్చలు పడుటచే మామిడి, మిరప తెగులునకు ఆ పేరు. అది బూజుజాతి, ఇది పశుక్రిమి. పోలిక మచ్చలోనే గాని, ఒకదానినుండి మరియొకటి పుట్టదు.

బర్రెలకు వానకాలమున వచ్చు గురకవ్యాధి, దానినే గొంతువాపు అందుము. దాని క్రిమికి 'పాశ్చరెల్లా మల్టోసిడా' యని పేరు. మొదటిది పాశ్చరుగారి పేరు. రెండవదానికి అనేకులను చంపునది యని యర్థము. పగ పట్టినవాడు పెట్టిన పేరువలె నున్నది. గేదెను ఉదయమున గురక మొదలిడిన సాయంకాలమునకు పోగొట్టుకొన్నవారికి ఆ పేరు న్యాయముగనే తోచును.

ఇంతవరకు పరభాషలనుండి మనకు వచ్చిన పేళ్లు. మన తెలుగునుండి లోకమునకు పోయిన పేళ్లును కలవు. వానిలో మొదటిది మనము నిత్యము తిట్టు జంతువు: పందికొక్కు. పందివలె మూతితో నేల త్రవ్వి, కోపము వచ్చిన గుర్రుమనును గనుక పంది, ఎలుకజాతి గనుక కొక్కు. ఇంగ్లీషువారి నోట అది 'బాండికూటు' అయినది. 1873లో గ్రే అను జంతుశాస్త్రజ్ఞుడు ఆ జాతి కంతకును 'బాండికోటా' యని శాస్త్రనామము పెట్టెను. ఇప్పుడు ఏ దేశపు పండితుడైనను మన వరిగట్ల దొంగను తెలుగు పేరుననే పిలువవలెను. ఇంగ్లీషు నావికులు ఆ మాటను ఆస్ట్రేలియాకు కొనిపోయి, కడుపుసంచిలో పిల్లలను మోయు వేరొక జంతువునకును తగిలించిరి. దానికి మన కొక్కుతో చుట్టరికము లేదు.

పందికొక్కుతో నష్టము గింజలు మాత్రమే యనుకొనరాదు. ఎలుకల మూత్రము కలిసిన బురదనీటిలో చీలిన పాదములతో దిగినవారికి 'లెప్టోస్పైరోసిసు' రావచ్చును. సన్నని చుట్టవంటి క్రిమి యని ఆ మాట కర్థము. మనవారు ఎలుకజ్వర మనుచున్నారు, ఆ పేరే మేలు. నాట్లు వేసిన వారము రెండు వారములలో జ్వరము, పిక్కల నొప్పి, కండ్ల యెరుపు కనబడినచో బురదలో పనిచేసినట్లు వైద్యునికి ముందుగా చెప్పవలెను. చెప్పనిచో ఆయన మరియొక జ్వరముగా భావింపవచ్చును.

రెండవది పాములు. ఈ సంగతి మన ఉత్తరాంధ్రమునకు సొంతము గనుక కొంచెము విస్తరించెదను. ప్యాట్రిక్ రస్సెలు అను స్కాట్లండు వైద్యుడు 1781లో తన తమ్మునితో కూడ విశాఖపట్టణమునకు వచ్చెను. అతడు అంతకుముందు అలెప్పో నగరమున వైద్యుడుగా నుండి మహామారిని గూర్చి పరిశోధించినవాడు. 1785లో ఈస్టిండియా కంపెనీవారు అతనిని తమ ప్రకృతిశాస్త్రజ్ఞునిగా నియమించిరి. అతని ముఖ్యమైన కోరిక యొక్కటే: ఏ పాము విషముగలది, ఏది విషము లేనిది, జనులు గుర్తుపట్టున ట్లుండవలెను. అందుకై పాములను తెప్పించి, కోరలు పరీక్షించి, బొమ్మలు వ్రాయించి, ప్రతి బొమ్మకును ఇక్కడివారు చెప్పిన పేరును వ్రాసికొనెను. లండనులో 1796లో అచ్చయిన అతని పుస్తకమున మన తాతముత్తాతల తెలుగు ఇంగ్లీషు అక్షరములలో నిలిచియున్నది. 1803లో అచ్చయిన మరియొక గ్రంథమున విశాఖపట్టణపు తీరమున దొరకిన 200 చేపలను వర్ణించెను, అందును తెలుగు పేళ్లే. ఒకదానికి 'తిమిరి' యని యున్నది. అది ముట్టుకొన్నచో చేయి తిమ్మిరెక్కించు విద్యుచ్ఛక్తిగల టెంకిచేప. లాటినువారు దానిని 'టార్పీడో' అనిరి, ఆ మాటకును తిమ్మిరి యనియే యర్థము. ఒకరి మాట నొకరు వినని రెండు దేశముల జాలరులు ఒకే విధముగా చేయి విదిలించుకొనిరి గాబోలు.

రస్సెలు వ్రాసిన పాముల పేళ్లలో 'బంగారుపాము' ఒకటి. ఒడలిపై నలుపు, పసుపు పట్టెలు వెడల్పుగా గలది. 1803లో డోడిన్ అను ఫ్రెంచి పండితుడు ఆ తెలుగు మాటనే తీసికొని ఆ జాతి కంతకును 'బంగారస్' అని పేరు పెట్టెను. మన కట్లపాము ఆ జాతిలోనిదే. రస్సెలు విశాఖపట్టణమున చూచి 'గెడి పరగుడు' అని వ్రాసికొన్న పాముయొక్క బొమ్మను ఆధారముగా గొని 1801లో ష్నైడరు అను జర్మనుడు దానికి నీలివన్నెది యను అర్థముగల 'సెరూలియస్' అను పేరు పెట్టెను. ఈ విధముగా, నల్లని యొడలిపై సన్నని తెల్లకట్లుగల ఆ చిన్న పామును శాస్త్రజ్ఞులు నీలిబంగార మనుచున్నారు. బంగారమను మాట విని మోసపోరాదు. మన దేశపు పాములలో మిక్కిలి నమ్మరానిది ఇదియే. రాత్రివేళ ఇంటిలోనికి వచ్చును. నేలపై పండుకొన్నవానిని కరచును. గాటు సన్నము, వాపు లేదు, మంట లేదు. అందుచే చీమ కుట్టినదనుకొని మరల నిద్రపోవుదురు. కొన్ని గంటలకు కడుపునొప్పి, రెప్పలు వాలిపోవుట, మాట తడబడుట, ఆపైన ఊపిరి ఆడకపోవుట. నేలపై పండుకొన్నవాడు తెల్లవారుజామున కారణము లేకయే కడుపునొప్పి యనినను, కండ్లు తెరువలేకున్నను, గాటు వెదకుచు కాలము గడపక ఆసుపత్రికి కొనిపోవలెను. మంచముపై, చుట్టును చెక్కిన దోమతెరలో పండుకొనుట ఈ పామునకు మంచి విరుగుడు.

రస్సెలు పేరు మోయుచున్న పాము వేరు. అతడు దానిని 'కాటుక రేకుల పొడ' అని వ్రాసికొనెను. ఇంత చక్కని పేరు నేను మరియొకటి వినలేదు. పొడ యనగా మచ్చ. వరికి వచ్చు పొడతెగులులోని పొడయు అదే, మట్టలపై మచ్చలు పడును గదా! ఈ పాము వీపుమీద మూడు వరుసల గుండ్రని మచ్చలు, ప్రతి మచ్చకును కాటుక దిద్దినట్లు నల్లని అంచు. ఆ పేరు తెలిసినవాడు చీకటిపడు వేళ గట్టుమీద దానిని చూచి కొండచిలువపిల్ల యని పొరబడడు. ఇప్పుడు మనము పొడపాము, రక్తపింజర అందుము. 1797లో దీనికి రస్సెలుగారి పేరు శాస్త్రనామమున చేరెను. దానికి ముందుండు 'దబోయా' హిందూస్థానీ మాట, దాగి పొంచియుండునది యని యర్థము. కోతకాలమున పనలక్రింద అది యుండు విధ మదియే. 'వైపరు' అను ఇంగ్లీషు మాటకు లాటినులో ప్రాణముగల పిల్లలను కనునది యని మూలార్థమందురు. పొడపాము గుడ్లు పెట్టక పిల్లలనే కనును గనుక ఆ పేరును దానికి చక్కగా తగియున్నది.

రక్తపింజర యను పేరులోని రక్తము ఊరకయే రాలేదు. ఇది కరచినచోట వాచి మండుటయే గాక, నెత్తురు గడ్డకట్టు గుణము పోవును. చిగుళ్లనుండి నెత్తురు వచ్చును, మూత్రము ఎర్రబడును, మూత్రపిండములు చెడును. ఆసుపత్రిలో నెత్తురు కొంచెము శుభ్రమైన గాజుగొట్టములో తీసి, 20 నిమిషములు కదల్పక యుంచి, గడ్డకట్టినదా లేదా చూచెదరు. బంధువులు కొందరు, నెత్తురు తీసి ఊరక కూర్చుండిరని గొడవపడుట కలదు. వారు ఊరక కూర్చుండలేదు, ఆ పరీక్షయే అది.

పేరు తెలియకున్నను భయపడవలదు. మన దేశమున తయారగు విరుగుడుమందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర యను నాలుగింటికిని ఒక్కటే. గుర్రములకు విషమును కొద్దికొద్దిగా ఎక్కించి, వాని నెత్తురునుండి తీసిన మందు అది. కావున పామును చంపి సంచిలో వేసికొని పోవలసిన పని లేదు, దానికై పోయి రెండవవాడు కాటు తిన్న సంగతులు కలవు. కట్టు బిగించుట, కోయుట, నోట పీల్చుట పనికిరావు. కరచిన కాలు కదల్పక, 108కి కబురుచేసి, వెంటనే పోవలెను. రస్సెలుగారి కాలమున విరుగుడని పేరుపొందిన మాత్ర లుండెను, ఆయన వానిని కోళ్లమీదను కుక్కలమీదను పరీక్షించి చూచెను. రెండువందల యేండ్లు గడచినను మనలో కొందరు పరీక్ష లేని వేరుముక్కకై మొదటి రెండు గంటలు పోగొట్టుకొనుచున్నారు.

మనుష్యుల రోగముల పేళ్లు కొన్ని చెప్పి విరమింతును. 'మలేరియా' ఇటలీ మాట, చెడుగాలి యని యర్థము. మనవారును మన్యపు జ్వర మని కొండగాలిని, కొండనీటిని నిందించిరి. 1897 ఆగష్టు 20వ తేదీన రోనాల్డు రాసు సికిందరాబాదులో దోమ కడుపులో ఆ జ్వరపు క్రిమిని కనిపెట్టెను. గాలి నిర్దోషియని తేలినను పేరు మారలేదు. ఆ దోమజాతికి 'అనాఫిలిసు' అని అంతకు ముందే, 1818లో, పేరు పెట్టియుండిరి. గ్రీకులో ఎందుకును పనికిరానిది యని యర్థము. అది చేయు కీడు తెలియకయే పెట్టిన పేరది.

బోదకాలు మన తీరపు గ్రామములకు పాతచుట్టము. బోద యనగా లావుగా నుబ్బినది. ఇంగ్లీషువారు ఏనుగు పేరున పిలిచిరి. దానికి కారణమగు పురుగు 'ఫైలేరియా', లాటినులో దారమని మూలము, నిజముగనే దారపుపోగువలె నుండును. దీనిపై పనిచేయు 'హెట్రజాన్' అను మందును అమెరికాలో సిద్ధపరచిన పరిశోధకబృందమునకు నాయకుడు 1895లో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. గర్భిణీస్త్రీలకు ఇచ్చు 'ఫోలిక్ ఆమ్లము' సైతము 1945 ప్రాంతమున ఆయన బృందమువలననే తయారుచేయ సాధ్యమయ్యెను. లాటినులో 'ఫోలియం' అనగా ఆకు. తోటకూర, పాలకూర తినుమని పెద్దలు చెప్పుటయు ఆ మాత్ర నిచ్చుటయు ఒక్క పనియే. బోదకాలు మాత్రలు పంచువారు వచ్చినప్పుడు, "నా కాలు బాగానే యున్నది, నాకెందుకు?" అని త్రోసివేయువారు పెక్కురు. దారపుపురుగు వాపు కనబడుటకు ఏండ్ల ముందే నెత్తురులో పిల్లలు పెట్టును, దోమ అక్కడనుండియే మోసికొనిపోవును. కాలు వాచినపిమ్మట మాత్ర ఆ వాపును తీయలేదు.

కట్టకడపట ఉద్దానము. ఉద్యానమను మాటయే ఉద్దానమైనదందురు. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతపు కొబ్బరి, జీడి, పనసతోటలు చూచినవారికి ఆ పేరు నిజమనిపించును. ఆ తోటల నడుమ మూత్రపిండవ్యాధి యెన్నో కుటుంబములను పట్టినది. వైద్యులు దానికి పెట్టిన పేరునకు తెలుగు చేసిన, కారణము తెలియని దీర్ఘకాలపు మూత్రపిండవ్యాధి యని యగును. తెలియదని పేరులోనే ఒప్పుకొన్నారు. నీరు, వేడిమి, క్రిమిసంహారక మందులు, వంశము, ఇట్లు పెక్కింటిని పరీక్షించియు ఇదియే యని నిర్ణయింపలేకపోయిరి. పలాసలో దీనికై ప్రత్యేకమగు ఆసుపత్రియు, దూరమునుండి మంచినీరు తెచ్చు పథకమును 2023 డిసెంబరులో ప్రారంభమైనవి.

ఈ వ్యాధి చీటీలలోని రెండు మాటలు రైతులను కలవరపెట్టుచున్నవి. మొదటిది 'క్రానిక్'. అది గ్రీకులో కాలమను మాటనుండి వచ్చినది. మూడు మాసములకు మించి యున్నదని మాత్రమే వైద్యు డందు చెప్పుచున్నాడు. ముదిరినదనిగాని, ఆశ లేదనిగాని దాని యర్థము కాదు. ఒక పడుచువాడు ఆ మాటకు ఇక పనియైపోయినదని యర్థము చెప్పించుకొని, మరల ఆసుపత్రి గడప తొక్కలేదు. అప్పటికి అతని వ్యాధి తొలిదశలోనే యున్నదట. రెండవది 'క్రియాటినిన్'. గ్రీకులో 'క్రేయాసు' అనగా మాంసము. మన కండలు పనిచేయునప్పుడు పుట్టు వ్యర్థపదార్థ మది, మూత్రపిండములు దానిని వడపోసి పంపవలెను. నెత్తురులో అది పెరిగినదనగా వడపోత తగ్గినదని యర్థము. మాంసము తిన్నందున వచ్చిన రోగమని కాదు. అంకె ఎంత యున్నదో చీటీపై వ్రాయించుకొని, వెనుకటి చీటీలను పారవేయక ఒకచోట గ్రుచ్చి యుంచుకొనుడు. ఒక్క అంకెకన్న, ఆరు నెలలకొకసారి చూచిన అంకెలవరుస వైద్యునికి ఎక్కువ చెప్పును. నడుమునొప్పికి దుకాణమున అడిగి తెచ్చుకొను నొప్పిమాత్రలు ఈ వడపోతను మరింత చెరచును గనుక, ఉద్దానపు సభ్యులు వానిని వైద్యు నడుగక మ్రింగవలదు.

నా చిన్నపుస్తకములో ఇంకను సగము పుటలు ఖాళీగా నున్నవి. మీ గ్రామమున పశురోగములకు, పాములకు వాడు పేళ్లను, ఆ పేరు వినబడినప్పుడు పశువున మీరు కండ్లార చూచు గుర్తులను కూడ వ్రాసి, సంఘపు కార్యదర్శిగారి ద్వారా పంపుడు. సీతంపేట, పాచిపెంట కొండలలోని సభ్యులు సవర, జాతాపు సోదరులు వాడు పేళ్లనుగూడ చేర్చినచో వానిని పశువైద్యునికి చూపి, ఏది ఏ రోగమో విచారించి వచ్చు సంచికలో తెలుపుదును.